పారదర్శక డాడ్జింగ్

లక్రాస్ అనే ఆట ఒకటుందని కర్రి పైడిరాజుకి నలభై రెండో ఏట తెలిసింది. తెలిసిన పదకొండో రోజున ఆయన దానికి జిల్లా కోచ్ అయ్యాడు.

అంతకుముందు ఆయన కబడ్డీ కోచ్. కాంట్రాక్టు ఉద్యోగం. ఒలింపిక్స్‌లో లక్రాస్ పెడుతున్నారన్న కబురు రాజధానికి చేరగానే, జిల్లాకొక లక్రాస్ జట్టు ఉండితీరాలని రాష్ట్ర క్రీడా వికాస మండలి తీర్మానించింది. కబడ్డీ మనకు వచ్చిన ఆటే గనుక నేర్పేదేమీ ఉండదనీ, కబడ్డీ కోచ్‌లు ఖాళీగా ఉంటారనీ లెక్కవేసి, వాళ్ళకే అయిదు రోజుల శిక్షణ ఇచ్చి, ఆరో రోజున సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఇళ్ళకు పంపించింది.

పైడిరాజు ఆ అయిదు రోజులూ ముందు బెంచీలో కూర్చుని శ్రద్ధగా విన్నాడు. పొడవాటి కర్ర, కర్ర చివర వలబుట్ట, బుట్టలో రబ్బరు బంతి. బంతి కింద పడకుండా కర్రని ఊపుకుంటూ పరిగెత్తి, అడ్డొచ్చినవాళ్ళని తప్పించుకుని గోల్‌లోకి విసరాలి. జట్టుకి ఆరుగురు. తప్పించుకోవడాన్ని డాడ్జింగ్ అంటారు. ఆ మాట వినగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎడమ భుజం వంచి ఎదుటివాడిని అటు లాగి, ఎడమకాలు నేలకి తన్ని కుడివైపు దూసుకుపోవడం ఆయన పదేళ్ళ వయసు నుంచీ చేస్తున్న పనే. ఆట పేరు కొత్తది, కర్ర కొత్తది. లోపలున్నది తనకు తెలిసిన ఆటే.

ఊరికి తిరిగొచ్చి జూనియర్ కాలేజీ గ్రౌండులో తొమ్మిదిమంది ఆడపిల్లల్ని పోగేశాడు. మండలి పంపిన కర్రల వలలు రెండు వారాలకే పీలికలయ్యాయి. జట్టులో లెంక హైమావతి అనే పిల్ల ఉండేది. ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్ళమ్మ జూటుమిల్లులో పనిచేసేది. ఆవిడ సన్నటి జనపతాడు తెచ్చి తొమ్మిది కర్రలకీ మళ్ళీ వలలు అల్లి ఇచ్చింది. ఆ వలల్లో బంతి పిట్టగూట్లో గుడ్డులా కూర్చునేది. ఆరునెలలు గడిచేసరికి హైమావతి డాడ్జ్ ఇస్తే ఎదుటిపిల్ల ఎటో చూస్తూ నిలబడిపోయేది. జోనల్ పోటీల్లో గెలిచిన జట్టు సభ్యులకి వ్యాయామ కళాశాలలో క్రీడా కోటా సీటు ఉంది. హైమావతికి చదువు కొనసాగే దారి అదొక్కటే. లేకపోతే తల్లితోపాటు మిల్లు గేటు దగ్గర నిలబడవలసిందే.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. పైడిరాజు తన నెలవారీ శిక్షణా ప్రణాళికను తెలుగులో రాశాడు. అక్కడొచ్చింది చిక్కు.

జిల్లా క్రీడా వికాసాధికారి పరాంకుశరావు గారు జీవితంలో ఏ ఆటా ఆడలేదు. అందుచేత ఆయనకి ఏ ఆట మీదా పక్షపాతం లేదు. ఆ సమయంలో రాష్ట్రమంతటా నిజాయితీ పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ప్రతి కార్యాలయమూ ప్రతిజ్ఞ చేసి, బ్యానరు కట్టి, ‘నిజాయితీ పెంపునకు తీసుకున్న ఒక నిర్దిష్ట చర్య’ను పై అధికారులకు నివేదించాలి. పరాంకుశరావు గారు ప్రతిజ్ఞ మూడుసార్లు చేశారు. బ్యానరు కట్టించారు. నిర్దిష్ట చర్య మాత్రం దొరకడం లేదు. అది వెతుకుతుండగానే పైడిరాజు కాగితం బల్లమీదికి వచ్చింది.

ఆయన పైడిరాజుని పిలిపించారు.

"‘ఎడమకు వెళ్ళునట్లు ప్రత్యర్థిని నమ్మించి, కుడికి వెళ్ళుట.’ ఈ వాక్యం తమరే రాశారా?"

"నానే రాసానండి. స్ప్లిట్ డాడ్జ్ అంటారండి దాన్ని."

"దాన్ని ఏమంటారో నాకు తెలుసు. నమ్మించి వేరొకటి చేయుట. పాత చట్టంలో దీనికి నాలుగువందల ఇరవై అని నంబరుండేది. కొత్త చట్టంలో నంబరు మారిందే గానీ నేరం మారలేదు."

"ఆటండి ఇది..."

"ప్రభుత్వ మైదానంలో, ప్రభుత్వ కర్రలతో, ఒక ప్రభుత్వోద్యోగి..." పరాంకుశరావు గారు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "ఒక కాంట్రాక్టు ఉద్యోగి, బాలికలకు వంచన నేర్పుచున్నాడు. ఇది రేపు పత్రికలో పడితే ఆట అని ఎవరు చదువుతారండీ?"

కాంట్రాక్టు అన్న మాట దగ్గర ఆయన ఎందుకు ఆగారో పైడిరాజుకి అర్థమైంది. మార్చిలో పునరుద్ధరణ ఉంది. దాని మీద సంతకం ఈయనదే.

"డాడ్జింగ్ నైపుణ్యాలు మెరుగుపరచాలని మండలే సర్కులర్ ఇచ్చిందండి మరి," అన్నాడు నెమ్మదిగా.

"మెరుగుపరచవద్దని నేనెక్కడన్నాను? నైపుణ్యం పెరగవలసిందే, వంచన తగ్గవలసిందే. ఈ రెంటినీ సమన్వయపరచుటనే పరిపాలన అంటారు."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. ‘ఇందుమూలముగా సంబంధితులందరికీ తెలియజేయునదేమనగా, క్రీడాకారిణి తాను ఏ దిక్కుగా తప్పించుకొనదలచినదో ఆ దిక్కును ముందుగా, స్పష్టముగా, ప్రత్యర్థికి వినబడునట్లు ప్రకటించి, ప్రకటించిన దిక్కునకే వెళ్ళవలెను. ప్రకటనకు విరుద్ధముగా వెళ్ళినచో జట్టు అనర్హమగును.’ దీనికి పారదర్శక డాడ్జింగ్ విధానం అని పేరు. ప్రతులు పదకొండు కార్యాలయాలకు వెళ్ళాయి.

మర్నాడు పైడిరాజు గ్రౌండులో పిల్లల్ని కూర్చోబెట్టి ఉత్తర్వు చదివి వినిపించాడు.

"సార్, ఎటెల్తామో మేమే సెప్పేస్తే ఆల్లు ఎల్లి అక్కడే నిల్చోరా?" అంది హైమావతి.

"నిల్చుంటారమ్మా."

"మరి?"

"మరేటి. ఆర్డరు."

ప్రాక్టీసు మొదలైంది. హైమావతి "ఎడమ!" అని అరిచి ఎడమకి వెళ్ళింది. ఎదుటిపిల్ల తీరిగ్గా ఎడమకి జరిగి కర్ర అడ్డుపెట్టింది. హైమావతి మోచెయ్యి కమిలింది. "కుడి!" అని అరిచి కుడికి వెళ్ళింది. మోకాలు కొట్టుకుపోయింది. సాయంత్రానికి తొమ్మిదిమందీ పసుపు రాసుకున్నారు.

విధానం సక్రమంగా అమలవుతోందో లేదో చూడడానికి పరాంకుశరావు గారు సీనియర్ అసిస్టెంటు అప్పలసూరిని దిశా పరిశీలకుడిగా నియమించారు. అప్పలసూరికి యాభై ఏడేళ్ళు, మోకాళ్ళనొప్పులు, గొప్ప కర్తవ్యనిష్ఠ. చంకలో రిజిస్టరుతో, చెవిలో పెన్నుతో ఆయన ఆడపిల్లల వెంట గ్రౌండంతా పరిగెత్తేవాడు. రిజిస్టరులో గళ్ళు: వరుస సంఖ్య, పేరు, ప్రకటించిన దిక్కు, వెళ్ళిన దిక్కు, వ్యత్యాసమున్నచో కారణం.

రెండో రోజునే ఆయనకొక సందేహం వచ్చింది. "ఎడమ అంటే ఎవరి ఎడమండీ? ఎదురుగా నిలబడ్డ పిల్లకి అది కుడి గదా?"

ఫైలు ఆఫీసుకి వెళ్ళింది. వివరణ వచ్చేదాకా ప్రాక్టీసు ఆగిపోయింది. నాలుగో రోజున ‘ఎడమ అనగా పరిగెత్తువారి ఎడమ’ అని ఉత్తర్వు వచ్చింది. ఈలోగా ఇంకో చిక్కు బయటపడింది. రోల్ డాడ్జ్ అని ఒకటుంది. అందులో పిల్ల గిర్రున చుట్టూ తిరుగుతుంది. తిరిగే మధ్యలో ఆమె ఎడమే కుడి వైపుకి వచ్చేస్తుంది. దాని మీద న్యాయసలహా అవసరమని పరాంకుశరావు గారు భావించి, సలహా అందేవరకు ఎవరూ తిరగరాదని ఆదేశించారు.

ఒకరోజు షిఫ్టు దిగి హైమావతి తల్లి గ్రౌండుకొచ్చింది. తెగిన వల ఒకటి సరిచేసి తెచ్చింది. కూతురు "ఎడమ! ఎడమ!" అని అరుచుకుంటూ వెళ్ళి అడ్డుగోడలా నిలబడ్డ పిల్లలకి గుద్దుకోవడం చూసింది. వెనకాల ఒక పెద్దమనిషి ఆయాసపడుతూ రాసుకోవడం కూడా చూసింది.

"ఇదే ఆటా బాబూ?" అని అడిగింది పైడిరాజుని.

"ఇదేనమ్మా."

"సీటొస్తాదా మరి?"

ఆయన వల అందుకుని, ముడులు పరీక్షిస్తున్నట్టు చాలాసేపు చూశాడు. ఆ రాత్రి ఉత్తర్వు తీసి మళ్ళీ చదివాడు. ఇది కుదరదని నేను గట్టిగా ఒక్క మాట రాసుండాల్సింది అనుకున్నాడు. రాస్తే మార్చి తర్వాత ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు.

జోనల్ పోటీలు అదే గ్రౌండులో పెట్టారు. అయిదు జిల్లాల జట్లు వచ్చాయి. పారదర్శక విధానం ఆతిథ్య జట్టుకి మాత్రమే వర్తిస్తుంది. మిగతా జట్లు ఎప్పటిలాగే ఆడుకోవచ్చు. మొదటి మ్యాచ్‌కి ముందే పైడిరాజు ఓటమికి సిద్ధపడ్డాడు.

విజిల్ మోగింది. బంతి హైమావతి బుట్టలో పడింది. ఎదుటిపిల్లకి నాలుగడుగుల దూరంలో ఆమె గొంతెత్తి "ఎడమ!" అని అరిచింది.

ఎదుటిపిల్ల తెలివైనది. ఎటు వెళ్తుందో నోటితో చెప్పే పిచ్చిది లోకంలో ఉంటుందా అనుకుంది. ఒక్క గెంతులో రెండో వైపుకి గెంతింది. హైమావతి చెప్పిన ప్రకారం ఎడమకే వెళ్ళింది. అక్కడ గడ్డి తప్ప మరేమీ లేదు. గోల్.

మళ్ళీ "కుడి!" అంది. కుడికే వెళ్ళింది. మళ్ళీ గోల్. ఆ జట్టు కోచ్ గట్టు మీద నుంచి "అది చెప్పేది నమ్మకండే!" అని మొత్తుకున్న కొద్దీ గోల్స్ పెరిగాయి. తొమ్మిది ఒకటి తేడాతో గెలిచారు. రెండో మ్యాచ్, మూడో మ్యాచ్ కూడా అంతే. నిజం చెబుతున్నారని మిగతా జట్లకి ఎంతమంది చెప్పినా నమ్మకం కుదరలేదు.

పరాంకుశరావు గారు విలేకరుల్ని పిలిచి, "డాడ్జింగ్ చరిత్రలో నిజాయితీకిది తొలి విజయం. దీనిని ఇతర క్రీడలకు, అనంతరం ఇతర శాఖలకు విస్తరింపజేయుటకు ప్రతిపాదనలు పంపుచున్నాము," అని చెప్పారు. రాజధానికి ఫోన్ చేసి కప్పు మనదేనని ముందే మాటిచ్చేశారు. పిల్లలు నవ్వుకున్నారు. పైడిరాజు కూడా చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఫైనల్‌కి ముందురోజు ప్రత్యర్థి జట్టు కోచ్ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. అందులో ఒక్కటే వాక్యం: ‘వీళ్ళు నిజం చెప్పి మోసం చేస్తున్నారు.’

మోసం అన్న మాట పక్షోత్సవాల్లో చెవినపడితే ఊరుకోవడానికి వీల్లేదు. పరాంకుశరావు గారు తన అధ్యక్షతన ఏకసభ్య సంఘాన్ని వేసుకుని, తానే సభ్యుడిగా హాజరై, మధ్యాహ్న భోజనానికి ముందే నివేదిక తనకు తాను సమర్పించుకున్నారు. ‘నిజము చెప్పుట హర్షణీయమే. అయినను, అవతలివారు నమ్మరని తెలిసి నిజము చెప్పుట వంచనతో సమానము. కావున కేవల ప్రకటన చాలదు. ప్రకటన నమ్మబడవలెను.’

ఫైనల్‌కి కొత్త నియమం వచ్చింది. ఈసారి రెండు జట్లకీ. బంతి ఉన్న పిల్ల ఆగి దిక్కు ప్రకటించాలి. అడ్డుకునే పిల్ల "విన్నాను, నమ్ముతున్నాను" అని బిగ్గరగా అనాలి. అప్పలసూరి రిజిస్టరులో రాసుకుని పచ్చజెండా ఊపాలి. ఆ తర్వాతే కదలాలి. రిఫరీకి లక్రాస్ నిబంధనలన్నీ క్షుణ్ణంగా తెలుసు. కానీ ఆయన కూడా కాంట్రాక్టే.

ఫైనల్ రోజున షామియానా వేశారు. ముఖ్య అతిథిగా రాజధాని నుంచి మండలి ఉపాధ్యక్షులు వచ్చారు. ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాల ఆట. మూడు భాగాలు ముగిసేసరికి పదకొండు ప్రకటనలు, పదకొండు నమ్మకాలు నమోదయ్యాయి. గోల్స్ సున్నా. ఎవరెటు వెళ్తారో అందరికీ తెలుసు గనుక అందరూ అక్కడే ఉన్నారు. జనంలో సగం మంది లేచి వెళ్ళిపోయారు. ఉపాధ్యక్షుల వారు జెండా లేచినప్పుడల్లా గోల్ అయిందనుకుని చప్పట్లు కొడుతున్నారు.

ఆఖరి విరామంలో పిల్లలు నీళ్ళు తాగడానికొచ్చారు. హైమావతి తాగలేదు. చెమట కూడా తుడుచుకోకుండా పైడిరాజు ఎదురుగా నిలబడింది.

"డ్రా అయితే కప్పు ఇద్దరికీ ఇవ్వరంట గదా సార్. ఈసారి విజేత లేరని రాసేస్తారంట. సీటు ఎవరికీ రాదంట."

"అవునమ్మా."

"ఏటి సెయ్యమంటారు సార్?"

పైడిరాజు షామియానా వైపు చూశాడు. పరాంకుశరావు గారు ఉపాధ్యక్షుల చెవిలో ఏదో చెబుతున్నారు. మార్చికి ఇంకా నెలన్నర ఉంది. గ్రౌండు అవతల, గేటు దగ్గర, మిల్లు చీరలో హైమావతి తల్లి నిలబడి ఉంది. షిఫ్టు మానుకుని వచ్చినట్టుంది.

"ఆరునెలల్నించి నీకేటి నేర్పానో అది సెయ్," అన్నాడు.

"మరి ఆర్డరు?"

"ఆర్డరు నాకొచ్చింది. నీకు రాలేదు."

ఆట ఇక అరనిమిషం ఉందనగా బంతి హైమావతికి అందింది. పరిగెత్తుకొచ్చి ఆగింది. ఎదురుగా పొడుగాటి పిల్ల. ఆ వెనక గోల్.

"ఎడమ!"

"విన్నాను, నమ్ముతున్నాను."

అప్పలసూరి రాసుకున్నాడు. జెండా ఊపాడు.

హైమావతి ఎడమ భుజం వాలింది. కర్ర అటే వాలింది. చూపు కూడా అటే పోయింది. పొడుగుపిల్ల ధీమాగా అటు అడుగేసింది. అప్పుడు హైమావతి ఎడమకాలు నేలని తన్నింది, కర్ర రెప్పపాటులో చెయ్యి మారింది, ఆమె కుడివైపు నుంచి గాలిలా వెళ్ళిపోయింది. బంతి వలలో పడ్డాక గాని పొడుగుపిల్ల మెడ తిప్పలేదు. వెంటనే ఆఖరి విజిల్ మోగింది.

మూడు భాగాల నుంచీ నోరు మూసుకుని కూర్చున్న మిగతా జనం ఒక్కసారి గోలగా లేచారు. ఆట అంటే ఏమిటో మొదటిసారి చూసిన ఉపాధ్యక్షుల వారు కుర్చీలోంచి లేచి, గ్రౌండులోకి నడిచొచ్చి, కప్పు తెప్పించి, తన చేతులతో హైమావతికి ఇచ్చేశారు. ఫొటోలు తీశారు. "ఏం డాడ్జండీ! ఇదంతా మీ విధానం వల్లే గదా?" అని పరాంకుశరావు గారి భుజం తట్టి, కారెక్కి వెళ్ళిపోయారు.

కారు కనుమరుగయ్యాక అప్పలసూరి రిజిస్టరు తెచ్చి బల్లమీద విప్పాడు. వరుస సంఖ్య పదిహేను. ప్రకటించిన దిక్కు: ఎడమ. వెళ్ళిన దిక్కు: కుడి. వ్యత్యాసం: కలదు. కారణం: గోల్.

ఉత్తర్వు ప్రకారం జట్టు అనర్హం. కప్పేమో ఉపాధ్యక్షుల చేతులమీదుగా ఇచ్చింది, వెనక్కి అడగలేనిది. పరాంకుశరావు గారు తలుపులు వేయించి హైమావతినీ పైడిరాజునీ పిలిపించారు. ఒక తెల్లకాగితం ముందుకు తోశారు.

"నేను కుడి అనియే ప్రకటించితిని, అని రాసి సంతకం చేయి. అప్పలసూరి గారికి సరిగ్గా వినబడి ఉండదు."

హైమావతి కాగితం ముట్టుకోలేదు. "నాను ఎడమనే అన్నాను సార్."

"అది నాకు తెలుసునమ్మా. సంతకం చేస్తే నీకు సీటు వస్తుంది."

"ఆటలో అన్నది ఆట సార్. ఎదుటిపిల్ల కూడా మమ్మల్ని అలాగే తప్పించాలని సూస్తాది. ఇది కాయితం గదండి. దీని మీద అబద్ధం రాస్తే అది అబద్ధమే."

నిజాయితీ పక్షోత్సవాలు ఆ జిల్లాలో ఒక మనిషి మీదైనా పనిచేశాయని చెప్పుకోదగ్గ సందర్భమది. పరాంకుశరావు గారి ముఖం కందిపోయింది.

పైడిరాజు ఒక అడుగు ముందుకొచ్చాడు. భయంగానే ఉంది. అయినా చెప్పాడు. "ఆ అమ్మాయిది తప్పు కాదండి. అలాగ ఆడమని నానే సెప్పాను. మెమో ఏదైనా ఉంటే నాకిప్పించండి."

"మీకు మెమో ఇస్తే తప్పు జరిగినట్టవుతుంది. తప్పు జరిగితే జట్టు అనర్హం. కావున మీరు తప్పు చేయలేదు. దయచేసి మొండికేయకండి!" ఆయన అప్పలసూరి వైపు తిరిగారు. "మీరా మాట కొట్టేసి కుడి అని రాయండి."

"పుటలకి నంబర్లున్నాయండి," అన్నాడు అప్పలసూరి నిబ్బరంగా. "కొట్టివేతలు చెల్లవని మీరే మొదటి పుటలో సంతకం పెట్టారండి."

పరాంకుశరావు గారు ముగ్గుర్నీ పంపించేసి, ఒక్కరే కూర్చుని ఆలోచించారు. మూడో రోజున నోటీసుబోర్డు మీద కాగితం అంటించారు.

‘సవరణ. ఫైనల్ పోటీ సమయమున మైదానములో వీచిన గాలి వలన కలిగిన శ్రవణ దోషమును పురస్కరించుకొని, దిశా పరిశీలన రిజిస్టరు పుట 41, వరుస సంఖ్య 15లో ‘ఎడమ’ అని ఉన్నచోట ‘కుడి’ అని చదువుకొనవలెను. రిజిస్టరులో ఎట్టి మార్పూ చేయబడలేదు.’

రిజిస్టరు శుభ్రంగా ఉంది. ఎవరూ దేని మీదా అబద్ధం సంతకం చెయ్యలేదు. హైమావతికి సర్టిఫికెట్ వచ్చింది, జూన్‌లో వ్యాయామ కళాశాలలో సీటూ వచ్చింది. వాళ్ళమ్మ కూతురి కర్రకి కొత్త వల అల్లి, పెట్టెలో బట్టల మధ్య పెట్టి పంపింది. పక్షోత్సవాల ముగింపు సభలో ‘ఉత్తమ పారదర్శక కార్యాలయం’ జ్ఞాపికను పరాంకుశరావు గారు అందుకున్నారు. పైడిరాజు కాంట్రాక్టు మరో ఏడాదికి పొడిగించారు. ‘విధానాల అమలులో ఉత్సాహవంతుడు’ అని ఫైలు మీద రాశారు.

కొత్త విద్యా సంవత్సరంలో పన్నెండుమంది పిల్లలు చేరారు. మొదటిరోజు పైడిరాజు వాళ్ళని రెండు వరుసల్లో ఎదురెదురుగా నిలబెట్టాడు. బంతి ఉన్నవాళ్ళు తప్పించుకోవాలి, లేనివాళ్ళు అడ్డుకోవాలి. కొత్తపిల్లలు ఎదుటివాళ్ళ మొహాలకేసి చూసి, అరుపులు విని, ఎటు పడితే అటు గెంతి కిందపడుతున్నారు. ఆయన విజిల్ ఊది ఆట ఆపాడు.

"మొహం కేసి సూడకండమ్మా. నోరేటి సెప్పినా ఇనకండి," అన్నాడు. "నడుం సూడండి. మనిషి ఎటెల్తాడో నడుమొక్కటే సెప్తాది."